జగన్నాథగట్టు మీద నలభై నిముషాలు

మొన్న మాఘమాసంలో పదిహేను మంది డిగ్రీ విద్యార్థులతో కలిసి మేము కర్నూలు పొలిమేరలోని జగన్నాథగట్టుకు పోయాం. గట్టు మీద ఒక పాత శివాలయం ఉంది. రూపాల సంగమేశ్వరాలయం అంటారు. అది అక్కడ పుట్టిన గుడి కాదు. కృష్ణ, తుంగభద్ర, భవనాశి మొదలైన ఏడు నదులు కలుస్తాయని చెప్పే నివృత్తి సంగమం దగ్గర ఉండేది. శ్రీశైలం ఆనకట్ట నీళ్లలో మునిగిపోతుందని పురావస్తు శాఖ వాళ్లు రాయి రాయి విప్పి, తెచ్చి, ఈ గట్టు మీద మళ్లీ కట్టారు.

విద్యార్థుల కోసం ఒక గైడును మాట్లాడుకున్నాం. కుర్రవాడు. మర్యాదస్తుడు. మాట స్పష్టంగా ఉంది. నలభై నిముషాలు చెప్పాడు. చాళుక్యుల కాలం నాటి శిల్పమన్నాడు. శిఖరం కట్టిన తీరు చూపించాడు. ఆరడుగుల శివలింగాన్ని భీముడు కాశీ నుంచి మోసుకొచ్చాడన్న కథ చెప్పాడు. తర్వాత గొంతు కొంచెం పెంచి, ‘ఇప్పుడు అసలు గొప్పతనం వినండి సార్’ అని, ప్రతి రాయికీ నెంబరు ఎట్లా వేశారో, ఏ వరుస రాయి ఆ వరుసలోనే ఎట్లా కూర్చిందో, ఒక్క శిల్పం కూడా తారుమారు కాకుండా ఎట్లా నిలబెట్టారో వివరించాడు. ఒకచోట గోడ మీద వేలు పెట్టి ఇదే ఆనాటి అంకె అన్నాడు. మాకు మాత్రం ఏదో మరక కనబడింది. పిల్లలు ఫోటోలు తీసుకున్నారు.

గుడి చాలా నిశ్శబ్దంగా ఉంది. పొద్దున ఒకరు వచ్చి దీపం పెట్టి పోతారట. శివరాత్రి, కార్తీక సోమవారాలు తప్పితే జనం పెద్దగా రారట. గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. మాతో వచ్చిన ఒక అధ్యాపక మిత్రుడు ‘ఎంత ప్రశాంతంగా ఉంది’ అని కళ్లు మూసుకున్నాడు. ఆ ప్రశాంతత గురించే ఈ వ్యాసం.

ఒక గుడి ఎందుకు నిశ్శబ్దంగా ఉంటుంది? చుట్టూ ఊరు లేకపోతే ఉంటుంది. ఊళ్లో గుడి ఊరికే నిలబడదు. దాని కింద మాన్యం ఉంటుంది. ఆ మాన్యం దున్నేవాళ్లుంటారు. ఉత్సవానికి తప్పెట కొట్టే మాదిగలుంటారు, దివిటీ పట్టే చాకలివాళ్లుంటారు, కుండలిచ్చే కుమ్మరులుంటారు. ముగ్గు వేసేవాళ్ల కంటే ముందు ఆ వీధి ఊడ్చినవాళ్లుంటారు. ఇందులో చాలామటుకు వెట్టి, లేదంటే వెట్టికి దగ్గరి కూలి. ఇదంతా కలిస్తేనే దేవాలయం. గట్టు మీదికి వచ్చింది అందులో రాతి భాగం మాత్రమే. మిగతా భాగం ఎక్కడికి పోయింది?

మేము అడగాల్సిన ఈ ప్రశ్నను మా కంటే ముందే ఒక విద్యార్థి అడిగాడు. నందికొట్కూరు వైపు పిల్లవాడు, రెండో సంవత్సరం బీఏ. ‘అన్నా, రాళ్లు ఈడికొచ్చినాయి సరే. ఆడుండే ఊరోళ్లు యాడికి పోయిరి?’ అన్నాడు. గైడు ఒక క్షణం ఆగి, నవ్వి, ‘అది నా సబ్జెక్టు కాదు బ్రదర్’ అన్నాడు. పిల్లలు నవ్వారు. మేమూ నవ్వాం. ఆ తర్వాత బస్సులో కూర్చున్నాక సిగ్గనిపించింది.

గైడును తప్పు పట్టి లాభం లేదు. ఆయన చెప్పేది ఆయన తయారు చేసుకున్నది కాదు. గుళ్ల మీద వచ్చే కరపత్రాలు, జిల్లా చరిత్రలు, పత్రికల ఆదివారం అనుబంధాలు, విశ్వవిద్యాలయాల్లో రాసే సిద్ధాంత వ్యాసాలు అన్నీ ఆ నలభై నిముషాల్లోనే ఉన్నాయి. కట్టించిన వంశం, శిల్పరీతి, స్థలపురాణం, తరలింపు. ఈ నాలుగు మెట్లు ఎక్కితే చరిత్ర అయిపోతుంది. మనిషి ఎక్కడా తగలడు, రాజు తప్ప. రాజు కూడా లేనప్పుడు భీముడు.

కాబట్టి మిగిలిన సబ్జెక్టు సంగతి మేమే చెప్పుకోవాలి.

శ్రీశైలం ప్రాజెక్టుకు 1963 జూలైలో నెహ్రూ శంకుస్థాపన చేశారు. మొదట అది కరెంటు కోసం కట్టిన ప్రాజెక్టు. పూర్తి నీటిమట్టం 885 అడుగులు. ఆ మట్టం కింద కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందకు పైగా పల్లెలు పడ్డాయి. నిర్వాసితులు లక్ష మంది దాకా ఉంటారు. 1981 వేసవిలో ఇండ్లు కూలగొట్టి మరీ జనాన్ని వెళ్లగొట్టారు. పోలీసులు, రెవెన్యూ సిబ్బంది, కూలగొట్టే మనుషులు కలిసి ఊర్ల మీద పడ్డారు. నిజనిర్ధారణకు వెళ్లినవాళ్లు దాన్ని రికార్డు చేశారు కాబట్టి ఇది మా ఆవేశం అనుకోనక్కర లేదు.

దాదాపు అదే కాలంలో గుళ్ల తరలింపు కూడా సాగింది. దాని పద్ధతి వేరు. ముందు గుడిని నాలుగు వైపులా కొలిచి పటాలు గీస్తారు. ఫోటోలు తీస్తారు. ప్రతి రాయికీ వరుస, స్థానం తెలిసేటట్లు అంకె వేస్తారు. శిఖరం నుంచి మొదలుపెట్టి కిందికి విప్పుతారు. కొత్తచోట పునాది పోసి, అడుగు వరుస నుంచి పైకి కూరుస్తారు. విరిగిన రాయి ఉంటే దాని చోట్లో కొత్త రాయి పెట్టి, అది కొత్తదని తెలిసేటట్లు ఉంచుతారు. సంవత్సరాలు పట్టే పని. తుంగభద్ర అవతలి ఒడ్డున అలంపురానికి ఇట్లాగే కూడవెల్లి సంగమేశ్వరాలయం వచ్చింది. ఇది వేరే సంగమేశ్వరుడు, వేరే ఊరు. పేరొకటే కావడంతో చాలామంది కలిపేస్తారు. అలంపురంలో ఉన్న నవబ్రహ్మ ఆలయాల కోసమైతే నీళ్లు రాకుండా ఊరి చుట్టూ పెద్ద అడ్డుకట్టే కట్టారు.

ఈ పని చేసిన ఇంజనీర్లను, పురావస్తు శాఖ ఉద్యోగులను మేము తక్కువ చేయడం లేదు. నిజంగా గొప్ప పని. మా బాధ అదే. ఒక ప్రభుత్వానికి ఇంత ఓపిక, ఇంత లెక్క, ఇంత జాగ్రత్త చేతనవుతుందని ఆ గట్టు మీద గుడి రుజువు చేస్తూ ఉంది. చేతకాక చేయలేదని అనే వీలు లేకుండా చేసింది. ఏ వరుసలోని రాయి ఆ వరుసలోనే ఉండాలని పట్టుబట్టినవాళ్లు, ఒక గేరిలోని నలభై ఇండ్లు ఒకే చోట ఉండాలని పట్టుబట్టలేదు. ఒకరు నందికొట్కూరు, ఒకరు ఆత్మకూరు, ఒకరు కర్నూలు బుధవారపేట, మరొకరు ఎక్కడో హైదరాబాదు బేల్దారి పని. విరిగిన రాయికి బదులు రాయి పెట్టారు. విరిగిన బతుక్కు?

ఇక్కడ కులం ఎట్లా పనిచేసిందో విడిగా చూడాలి. ‘ఊరంతా మునిగింది, అందరూ నష్టపోయారు’ అనే మాట మేము చాలాసార్లు విన్నాం. నీళ్లకు కులం లేదు నిజమే. పరిహారానికి ఉంది. అప్పటి చట్టం 1894 నాటి భూసేకరణ చట్టం. దాని కంటికి ఆనేది ఆస్తి. పట్టా ఉన్నవాడు, ఇంటికి గోడలున్నవాడు, చెట్లు లెక్క చూపగలవాడు. కూలి చేసుకునే మాదిగకు, మాలకు, బోయకు ఆ చట్టంలో చోటు లేదు. పొలం పోయినందుకు రెడ్డికి డబ్బొస్తుంది. ఆ పొలంలో కలుపు తీసిన ఆమెకు కలుపు పోయినందుకు ఏమీ రాదు. ప్రభుత్వ స్థలంలో బోదకొట్టం వేసుకున్న కుటుంబానికి వచ్చేది బోద ఖరీదు. ప్రభుత్వమే ఇచ్చిన అసైన్డు భూమి అయినా, తిరిగి తీసుకునేటప్పుడు ‘మాది మేము తీసుకున్నాం’ అనే వాదన చాలా ఏండ్లు నడిచింది. అసైన్డు భూములకు కూడా పట్టా భూములతో సమానంగా పరిహారం ఇవ్వాలని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం చెప్పేసరికి 2004 వచ్చింది. కూలీలను, కౌలుదార్లను కూడా బాధిత కుటుంబాలుగా గుర్తించే చట్టం 2013లో వచ్చింది. శ్రీశైలం ముంపుకు ముప్పై రెండేండ్ల తర్వాత.

1986లో 98వ నెంబరు జీవో వచ్చింది. ముంపు కుటుంబానికి ఒక ఉద్యోగం ఇస్తామన్నారు. ఎక్కువగా లష్కరు వంటి చిన్న పనులే. కాలువ గట్టున తూము ఎత్తే, దించే పని. దానికోసం నిర్వాసితుల పిల్లలు దరఖాస్తులు పెట్టి, ధర్నాలు చేసి, కోర్టుల చుట్టూ తిరిగి దశాబ్దాలు గడిపారు. కొందరికి వచ్చింది. చాలామందికి ఎదురు చూడటంలోనే వయసు దాటిపోయింది. ‘తొంభై ఎనిమిది జీవో వాళ్లం’ అని తమను తాము చెప్పుకునే మనుషులు కర్నూలు జిల్లాలో ఉన్నారు. కులం పేరు, ఊరి పేరు లాగా జీవో పేరు! రాళ్లకు వేసిన నెంబర్లు వాటిని వాటి చోటికి చేర్చాయి. ఈ మనుషులకు వేసిన నెంబరు ఒక్కటే, అందరికీ అదే, అది ఎక్కడికీ చేర్చలేదు.

బస్సులో ఆ విద్యార్థిని పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడాం. వాళ్ల అవ్వది సంగమం పక్క ఊరేనట. మాదిగ గేరి. అవ్వ బతికే ఉందన్నాడు. తర్వాతి ఆదివారం వాళ్ల ఇంటికి పోయాం. కాలనీలో రెండు గదుల ఇల్లు. అవ్వకు ఎనభై దాటి ఉంటాయి. చెవులు బాగానే వినబడతాయి, మోకాళ్లు పనిచేయవు.

గుడి గురించి అడిగాం. ‘లోపలికి మేం యాడ పోతిమి నాయనా’ అంది. ‘శివరాత్రికి ఏటిగడ్డన నిలబడుకొని దండం పెట్టుకుంటా ఉంటిమి. తప్పెట మా మామది. తప్పెట సప్పుడు లోపలికి పోతాది. తప్పెట కొట్టినోడు పోడు.’

గుడి విప్పేటప్పుడు చూశావా అంటే, చూడ్డమేంది, వాళ్ల పెనిమిటి కొన్నాళ్లు ఆ పనికి కూలికి పోయాడట. ‘రాళ్లు పట్టుకొని దించితిరి. రాయికి దెబ్బ తగిలితే మేస్త్రీ కొట్టొస్తాడు. ఈయప్ప ఇంటికొచ్చి ఏమనె తెలుసునా? ఇన్నేండ్లకు సామిని ముట్టుకుంటి, మనూరు మునిగేటప్పుడు ముట్టుకుంటి అనె.’

ఇది చెప్పి ఆమె నవ్వింది. మాకు నవ్వు రాలేదు.

ఆ తర్వాత ఆమె గుడి గురించి మాట్లాడలేదు. ఏటిపక్కన తెల్లజొన్న గురించి మాట్లాడింది. వరద తీసినాక ఒండ్రు మీద చల్లితే నీళ్లు కట్టే పని లేకుండా పండేదట. కూలికి గింజలే ఇచ్చేవారట. ఏట్లో చేపలు, గట్టున పుల్లలు, మేకలకు మేత. వీటికెవరూ పట్టా ఇవ్వలేదు, కాబట్టి ఎవరూ పరిహారం ఇవ్వలేదు. కాలనీకి వచ్చినాక కట్టెపుల్ల కూడా కొనాల్సి వచ్చిందని చాలాసేపు చెప్పింది. కొడుకు కర్నూలులో బేల్దారి పనికి పోయేవాడు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు మునిగినప్పుడు వాడి గుడిసె కూడా పోయింది. ‘ఒగ నీళ్లు తరిమితే ఇంగొగ నీళ్లకాడికి పోయినాడు’ అంది. గట్టు మీద గుడికి ఆ వరద తగలలేదు. ఎత్తు చూసే కదా పెట్టారు.

మేము అడగని ఒక విషయం ఆమె చెప్పింది. వాళ్ల గేరికి ఒక సుంకులమ్మ ఉండేది. వేపచెట్టు కింద పసుపు పూసిన రాయి. ఏటా బోనం, కోడి, తప్పెట. అక్కడ పూజారి వాళ్ల మామే. ఊరోళ్లు కూడా పిల్లలకు అమ్మవారు పోస్తే అక్కడికే వచ్చి మొక్కుకునేవాళ్లు. గుళ్లోకి రానియ్యని మనిషి చేతి వేపాకు తీసుకునేవాళ్లు. నీళ్లొచ్చేటప్పుడు ఆ రాయిని తెచ్చుకున్నారా అని అడిగాం. ‘బండి మాకు యాడిది? ఉన్న బండ్లు రెడ్లవి. గంపలో గింజలు పెట్టుకుంటిమి, పిల్లోల్లను ఎత్తుకుంటిమి. అమ్మను యాడ పెట్టుకుందుము?’ అంది. కొంచెంసేపు ఆగి ‘ఆడనే ఉండాది’ అంది.

పురావస్తు శాఖ జాబితాలో ఆ సుంకులమ్మ ఎందుకు లేదు? జవాబు మాకు తెలుసు. అందులో శిల్పం లేదు, శాసనం లేదు, వంశం లేదు. వెయ్యేండ్ల కిందటి చెక్కడం ఉంటే చరిత్ర. రోజూ పసుపు పూస్తే మూఢనమ్మకం. మేము సుంకులమ్మను మోసుకొచ్చి గట్టు మీద పెట్టి ఉండాల్సిందని వాదించడం లేదు. ఆ రాయిని ఆమె నెత్తిన పెట్టుకొని తెచ్చుకునేందుకు ఒక బండి, ఒక పూట గడువు ఇవ్వలేదన్నదే మా మాట. ఏది వారసత్వమో, ఏది చెత్తో తేల్చే అధికారం ఎవరి చేతిలో ఉంటే వాళ్ల ముత్తాతలే నీళ్లలోంచి బయటపడతారు.

ఇది మన దగ్గర మాత్రమే జరిగింది కాదు. ఈజిప్టులో అస్వాన్ ఆనకట్ట కట్టినప్పుడు అబూ సింబెల్ గుళ్లను 1964 నుంచి 1968 వరకు ముక్కలుగా కోసి, యునెస్కో పూనికతో అనేక దేశాలు డబ్బిచ్చి, కొండపైకి ఎత్తి నిలిపాయి. ఆ కథ మన ఇంగ్లీషు పాఠాల్లో కూడా కనబడుతుంది. అదే నీళ్ల కింద ఊర్లు పోయిన నూబియన్లు ఒక్క ఈజిప్టు వైపే యాభై వేల మంది దాకా. నైలు ఒడ్డున ఖర్జూరాలు పండించుకున్న నల్లవాళ్లను కొమ్ ఒంబో దగ్గర ఎండిన నేల మీద వరుస ఇండ్లలో దించారు. వాళ్ల గురించి మన పిల్లలకు ఎవరూ పాఠం చెప్పలేదు. ఆ నూబియన్ల మనుమలు ఇప్పటికీ తిరిగిపోయే హక్కు అడుగుతూనే ఉన్నారు.

ఇక మా మీద మాకే ఉన్న విమర్శ ఒకటి చెప్పుకోవాలి.

దళిత రాజకీయాలకు గుడితో ఉన్న సంబంధం సూటిగా లేదు. 1930లో నాసిక్ కాలారామ్ గుడి ముందు అంబేడ్కర్ సత్యాగ్రహం మొదలుపెట్టారు. 1935 నాటికి యెవలాలో, హిందువుగా చావనని ప్రకటించారు. గుడిలోకి పోవడం హక్కు. గుడి కావాలా అన్నది వేరే ప్రశ్న. మన కర్నూలు, కడప మద్రాసు రాష్ట్రంలో ఉండగానే 1947లో ఆలయ ప్రవేశ చట్టం వచ్చింది. రాజ్యాంగంలో 17వ అధికరణం వచ్చింది. అయినా అవ్వ 1981 దాకా ఏటిగడ్డనే నిలబడింది. చట్టం సంగమేశ్వరం దాకా రావడానికి ముప్పై నాలుగేండ్లు చాలలేదు. నీళ్లకు ఒక్క కాలమే చాలింది.

జగన్నాథగట్టు మీద మమ్మల్ని ఎవరూ కులం అడగలేదు. గర్భగుడి గడప దాకా పోయాం, గోడలు తడిమాం, నీడన కూర్చుని అన్నం తిన్నాం. ఎందుకంటే అది ఇప్పుడు చూసిపోయే కట్టడం. ఊరు పోయింది కాబట్టి ఊరి కట్టుబాటు పోయింది. అవ్వ పెనిమిటి రాయిని ముట్టుకున్నది కూడా అది రాయి అయిపోయినాకనే. ఊరితో పాటు అంటరానితనం కూడా మునిగిందని సంతోషించాలా? మా మిత్రుల్లో ఒకరు అట్లాగే వాదించారు. ‘ఆ ఊర్లు పోవడమే మంచిదైంది, పల్లె అంటే కులపు గుంత’ అన్నారు. పల్లె గురించి అంబేడ్కర్ అన్నదాన్ని గుర్తు చేశారు. ఆ మాటలో సత్యం లేకపోలేదు. అయితే పల్లెను వదిలి మనంతట మనం పట్నం పోవడం వేరు, బువ్వ కుండతో సహా తరిమేస్తే పోవడం వేరు. పైగా కాలనీల్లో కూడా రెడ్ల వీధి రెడ్లదే, గేరి గేరే. కట్టుబాటుకు ఎవరూ నెంబర్లు వేయకపోయినా అది మాత్రం వరుస తప్పకుండా కొత్తచోట కూర్చుంది!

కారంచేడు (1985), చుండూరు (1991) మా తరాన్ని తయారు చేశాయి. నెత్తురు కనబడిన చోటికి మేము పరుగెత్తాం. అది సరైనదే. నెత్తురు కనబడకుండా నీళ్లతో జరిగినదాని దగ్గరికి మాత్రం పోలేదు. ముంపును ‘నీటిపారుదల సమస్య’ అని సీమ ఉద్యమాలకు వదిలేశాం. వాళ్లేమో దాన్ని ‘సీమ త్యాగం’ అన్నారు. సీమ పొలాలు మునిగితే కరెంటు ఊరందరికీ, నీళ్లు కిందివాళ్లకూ పోయాయన్న వాళ్ల ఆవేదన న్యాయమైనదే. శ్రీబాగ్ ఒడంబడిక (1937) నుంచి 2016 మే నెలలో జనం తామే పోయి సిద్ధేశ్వరం అలుగుకు శంకుస్థాపన చేసేదాకా ఆ పోరాటం పక్షాన మేమూ ఉన్నాం. కానీ సీమ త్యాగం చేసింది అన్నప్పుడు ఎవరి పొలం, ఎవరి కొట్టం, ఎవరి కూలి అని విడదీసి చెప్పరు. రేపు అలుగు కట్టి నీళ్లొస్తే అవి పారేది ఎవరి చేలల్లో అన్నదీ చెప్పరు. త్యాగంలో ఊరంతా ఒకటి, కాలువ కింద మాత్రం ఎవరి సర్వే నెంబరు వారిది. ఈ మాట అంటే ఉద్యమాన్ని చీలుస్తున్నామని కోప్పడతారు. చీలిక మేము తెచ్చింది కాదు.

కడప మిత్రులు ఇది పాత కథ అనుకోకుండా ఉండేందుకు ఒక మాట. గండికోట జలాశయంలో నీళ్లు పెంచడానికి 2020లో తాళ్ళప్రొద్దుటూరును ఖాళీ చేయించారు. పరిహారం తేలకుండా పొమ్మంటే ఎట్లా అని జనం రోడ్డు మీద కూర్చున్నారు. నీళ్లు ఇండ్ల దగ్గరికి వచ్చేశాయి. ఇది 2013 చట్టం వచ్చిన ఏడేండ్లకు. గండికోటకు పోయే యాత్రికులు కోటలోని మాధవరాయ ఆలయం, రంగనాథ ఆలయం చూస్తారు. అవి కూడా పూజలు లేని నిశ్శబ్దపు గుళ్లే. పెన్న లోయ అంచున నిలబడి ఫోటో దిగుతారు. ఎగువన ఉన్న ఊర్ల పేర్లు అక్కడ కూడా ఏ గైడు సబ్జెక్టూ కాదు.

మళ్లీ గైడు దగ్గరికి వస్తాం. పదిరోజుల తర్వాత మేమిద్దరం వెళ్లి ఆ కుర్రవాణ్ణి కలిశాం. అవ్వ చెప్పింది చెప్పాం. శ్రద్ధగా విన్నాడు. ‘చెప్పొచ్చు సార్. కానీ వచ్చేటోళ్లు గుడి చూద్దామని వస్తారు. ఈ బాధలు చెప్తే టిప్పు కూడా ఇయ్యరు’ అన్నాడు. నిజాయితీగల మాట. కాసేపాగి, రాళ్లకు నెంబర్లు వేసిన సంగతి చెప్పేటప్పుడు ఎన్ని ఊర్లు మునిగాయో కూడా ఒక మాట కలుపుతానన్నాడు. ‘వందకు పైగా అంటే చాలునా సార్, లేక కరెక్టు ఫిగర్ ఉందా?’ అని అడిగాడు. వందకు పైగా అంటే చాలునన్నాం.

కరెక్టు లెక్క కావాల్సింది మాకు. ఆ విద్యార్థి, అతని స్నేహితులు నలుగురు ఇప్పుడు ఒక నోటుబుక్కు పెట్టుకున్నారు. అవ్వ ఊరి మాదిగ గేరిలో ఏ ఇల్లు ఏ ఇంటి పక్కన ఉండేదో రాస్తున్నారు. ఇంటి పెద్ద పేరు, చేసిన పని, నీళ్లొచ్చినాక పోయిన ఊరు, పరిహారం వచ్చిందా, జీవో కింద దరఖాస్తు పెట్టారా. అవ్వ కళ్లు మూసుకుని వీధి చివర నుంచి మొదలుపెట్టి చెబుతుంది. ఇప్పటికి ఇరవై మూడు ఇండ్లయ్యాయి. రెండిండ్ల దగ్గర ఆమెకూ, అదే ఊరి నుంచి వచ్చిన ఇంకో ముసలాయనకూ పేచీ వచ్చింది. ఎవరి గోడ ఎవరిదని గంటసేపు పోట్లాడుకున్నారు. నోటుబుక్కులో రెండు మాటలూ రాసుకున్నాం.

ఏటా ఎండాకాలం నీళ్లు బాగా దిగినప్పుడు, కదల్చకుండా అక్కడే వదిలేసిన సంగమేశ్వరం పాత గుడి బయటపడుతుంది. వేపకర్ర లింగం ఉన్న గుడి. 2022లో జిల్లాలు విడగొట్టినాక అది నంద్యాల జిల్లాలోకి వచ్చింది. పడవలు కట్టుకుని జనం చూడ్డానికి పోతారు. ఈసారి నీళ్లు దిగితే మేమూ పోతున్నాం, నోటుబుక్కుతో. గుడి దగ్గర దిగి, అక్కడి నుంచి గేరి ఎటువైపుండేదో వెతకాలి. వేపచెట్టు మొదలు మిగిలి ఉంటుందని అవ్వ గట్టిగా చెబుతోంది. తను కూడా వస్తానంటోంది. పడవలో ఎట్లా కూర్చోబెడతామని కొడుకు ఒప్పుకోవడం లేదు.